కొలత నాయనమ్మది, తూకం నాన్నది

మా ఇంట్లో కొలత నాయనమ్మది, తూకం నాన్నది. ఒకరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టినప్పుడల్లా గొడవే.

రేపల్లె దగ్గర మా ఊరు. ఎనభైల నాటి మాట. నాయనమ్మ దగ్గర గిద్దె నుంచి కుంచం దాకా వరసగా కొలపాత్రలుండేవి. గిద్దె, సోల, తవ్వ ఇత్తడివి. చింతపండు పెట్టి తోమితే తళతళలాడేవి. మానిక, కుంచం ఇనప రేకువి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చింది ఇదే. ధాన్యం కొలిచేటప్పుడు ఆవిడ నోట ‘ఒకటి’ అన్న మాట వచ్చేది కాదు. లాభం, రెండు, మూడు, నాలుగు... అలా సాగేది లెక్క. పప్పయినా, ఉప్పయినా, బదులిచ్చిన బియ్యమైనా పాత్ర నిండిందా లేదా అన్నదే ఆవిడకి ప్రమాణం. బరువెంత అని అడిగితే, “అది కొట్టువాళ్ళ సంగతి, మనకెందుకు” అనేది.

నాన్న ఊరి పాల కేంద్రంలో పని చేసేవారు. పొద్దునా సాయంత్రం పాలు పోయించుకోవడం, పరీక్ష చెయ్యడం, లెక్క రాయడం ఆయన పని. ఆయన పుట్టింది వీశెల కాలంలో. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1.4 కేజీలు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, అరవైల మొదట్లో కొట్లలోంచి వీశెలూ మణుగులూ పోయి కేజీ రాళ్ళు దిగేసరికి నాన్న హైస్కూల్లో ఉన్నారు. కొత్త రాళ్ళ మీద ఆయనకి భక్తి లాంటిది ఏర్పడిపోయింది. దేన్నయినా కాటా మీద పెడితే తప్ప మనసు కుదుటపడేది కాదు.

నాయనమ్మ కొలతలో ఉన్న కిటుకు చెప్పాలి. ఇరుగింటివాళ్ళకి బియ్యం బదులిచ్చేటప్పుడు మానికలోకి గింజల్ని నెమ్మదిగా జారవిడిచి, పైన అరచేత్తో గీసి ఇచ్చేది. వాళ్ళు తిరిగి తెచ్చినప్పుడు మానిక నిండగానే నేలకేసి ఠక్కుమని తట్టేది. తట్టగానే బియ్యం ఓ వేలెడు కిందికి దిగేది. ఆ ఖాళీ మళ్ళీ నింపాలి. ఇందులో మోసమేమీ లేదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, వాళ్ళూ ఇదే చేసేవాళ్ళు. గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుంది. తడితే గాలి బయటికి పోయి గింజలు దగ్గరికి జరుగుతాయి. బియ్యపు గింజ ఒక్కదాన్ని నీళ్ళల్లో వేస్తే నేరుగా మునుగుతుంది, అది నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అదే బియ్యాన్ని మానికెడు పోసి తూస్తే మానికెడు నీళ్ళకంటే తేలిక. మానికలో అంత భాగం గాలికే పోతుంది మరి.

“తూచి ఇచ్చి తూచి పుచ్చుకుంటే ఈ తట్టడాలూ గీయడాలూ ఉండవు కదమ్మా” అనేవారు నాన్న.

“తూకంలో తడి కలుస్తుందిరా” అనేది నాయనమ్మ.

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. తడిసిన ధాన్యం కాటా మీద ఎక్కువ తూగుతుంది, ఆ బరువు గింజది కాదు, నీటిది. ఇవాళ కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు పెట్టి, 17 శాతం దాటితే ఆరబెట్టుకు రమ్మనడం అందుకే. కొలతని తట్టి మోసం చెయ్యొచ్చు, తూకాన్ని తడిపి మోసం చెయ్యొచ్చు. ఆ లెక్కన తల్లీకొడుకులిద్దరి అనుమానమూ న్యాయమైనదే.

సత్తెనపల్లి వైపు మా మేనమామ మిర్చి వేసేవారు. గుంటూరు యార్డుకి పంపే ముందు గోనెసంచిలో కాయలు పోసి, ఒక కూలీ అందులోకి దిగి కాళ్ళతో తొక్కేవాడు. పోస్తూనే ఉంటారు, తొక్కుతూనే ఉంటారు. కొండలా కనిపించిన కల్లంలోని కాయ, ముక్కు మండించే ఘాటు మధ్య, టిక్కీలనే గట్టి బస్తాల్లోకి ఇమిడిపోయేది. నాయనమ్మ ఒకసారి అక్కడ నిలబడి చూసి, “ఇది కొలతెంతవుతుందబ్బాయ్?” అంది. “దీనికి కొలత లేదత్తయ్యా, తొక్కేవాడి ఓపికని బట్టి ఉంటుంది” అన్నాడు మామయ్య. కాయ అంతే, బరువు అంతే, పట్టే చోటు మాత్రం తగ్గింది. కేజీ దూది బరువా కేజీ ఇనుము బరువా అని పిల్లల్ని ఏడిపించే ప్రశ్న ఆవిడ దగ్గర పారేది కాదు. “రెండూ మోసుకురమ్మంటే దూదికి బండి కావాలి, ఇనుముకి చేతిసంచి చాలు” అని తేల్చేసేది. పరీక్షల్లో అలా రాస్తే మార్కులు రావు గాని, విషయమంతా అందులోనే ఉంది.

పాల కేంద్రం రామాలయం పక్కన ఒక పెంకుటింటి వరండాలో ఉండేది. తెల్లవారకముందే గిన్నెలూ బకెట్లూ పట్టుకుని జనం. నాన్న ముందు ఒక పొడుగాటి స్టీలు గొట్టం, అందులో పాలు, పాలల్లో లాక్టోమీటర్. అది గాజు బుడ్డి, అడుగున సీసపు గుండ్లు, పైన సన్నటి కాడ, కాడ లోపల అంకెల చీటీ. పాలల్లో వదలగానే కాసేపు పైకీ కిందికీ ఊగి ఒకచోట నిలబడుతుంది. పాల మట్టం ఏ అంకె దగ్గర కాడని తాకుతుందో అదే ‘డిగ్రీ’. 30 అని వస్తే ఆ పాలు నీటికంటే 1.030 రెట్లు బరువన్నమాట. తొమ్మిది వంతుల పాలల్లో ఒక వంతు నీళ్ళు పోస్తే 27కి పడిపోతుంది. పలచబడిన పాలల్లో బుడ్డి ఇంకాస్త లోతుకి దిగుతుంది, అంతే. అందుకే ఆ అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి. చిన్నప్పుడు అది నాకు తిరకాసుగా ఉండేది.

“డిగ్రీ రాలేదు” అనే మాట మా ఊళ్ళో తిట్టుతో సమానం. ఒకరోజు ఆ మాట నాయనమ్మే పడింది, అదీ నాన్న నోటనే. ఇంటి గేదె పాలు, పితికిన గిన్నె పితికినట్టే, నురగతో, పొదుగు వేడితో తెచ్చి పోసింది. మీటరు బాగా కిందికి దిగింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక చూడండి. “నా పాలల్లో నీళ్ళు కలుస్తాయిట్రా? నిన్ను పెంచింది ఆ పాలతోనేరా!” అని రామాలయంలో దేవుడికి వినపడేట్టు అడిగింది. నాన్న కిమ్మనలేదు. గిన్నె మీద మూత పెట్టి పక్కన ఉంచి, మిగతావాళ్ళందరివీ అయిపోయాక మళ్ళీ మీటరు వేశారు. ఈసారి సరిగ్గా వచ్చింది. అప్పుడే పితికిన పాలల్లో గాలి బుడగలుంటాయి, వేడికి పాలు వ్యాకోచించి ఉంటాయి, కొవ్వు ఇంకా గట్టిపడదు. మూడూ కలిసి డిగ్రీని తగ్గిస్తాయి. గోడ మీద అంటించిన చార్టు చూసి వేడికి సవరణ వేసుకోవచ్చు గాని, నురగకీ తొందరపాటుకీ చార్టు లేదు, ఆగడమే మందు. ఆ తర్వాత నాన్న అందరి పాలూ కాస్త చల్లారనిచ్చి చూసేవారు. జనం మాత్రం, తల్లికి భయపడి రూలు మార్చాడన్నారు.

గేదె ఈనిన కొత్తలో జున్ను పాలల్లో మీటరు వేస్తే ఇంకో తమాషా. కాడ ఎప్పుడూ లేనంతగా బయటికి లేచి నిలబడుతుంది. చిక్కదనం అంత. ఆ పాలు కేంద్రానికి పొయ్యకూడదు. మిరియాలూ బెల్లమూ పడి ఇళ్ళల్లోనే ఉడికేవి, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

అసలు పెద్ద రభస ఇంకోటి. కేంద్రంలో పాలు లీటర్లలో పోయించుకునేవాళ్ళు. డెయిరీకి వెళ్ళాక అక్కడ క్యాన్లు కాటా మీద పెట్టి కేజీల్లో రాసేవాళ్ళు. పాల లీటరు సుమారు 1.03 కేజీలు. మనం 100 లీటర్లు పంపితే అక్కణ్నుంచి వచ్చే కాగితంలో 103 కేజీలని ఉంటుంది. లోకమంతా ఇదే లెక్క. కాని ఆ కాగితం ఎవరి కంటో పడింది.

“మనం పోసింది వంద. కాగితంలో నూట మూడు. ఆ మూడూ ఎవరింటికి పోతున్నాయి?” ఎగువ బజారు బాబాయ్ ఒకాయన గట్టిగానే అడిగాడు.

“అవి లీటర్లు, ఇవి కేజీలు బాబాయ్.”

“లీటరైతే ఏంటి, కేజీ అయితే ఏంటి? రెండూ ఒకటేగా! నూనె కొట్లో అడుగు, కిరసనాయిలు బంకులో అడుగు.”

నిజానికి నూనె కొట్లో అడిగినా ఒకటి కాదనే చెప్తారు, కాని ఆ వేడిలో ఎవరికి గుర్తుకొస్తుంది? సాయంత్రానికల్లా వరండా నిండిపోయింది. నాన్న ఇంటికి కబురంపించి పది లీటర్ల ఇత్తడి బిందె తెప్పించారు. బిందెతోపాటు నాయనమ్మా వచ్చింది, కొలత విషయం కదా. వరండా దూలానికి తౌడు తూచే కాటా వేలాడుతుండేది. ఒక తట్టలో బిందె పెట్టి, మూతి అంచు దాకా నీళ్ళు పోసి, రెండో తట్టలో రాళ్ళు వేస్తూ పోయారు. ముల్లు మధ్యకొచ్చింది. ఎవరూ ఆ రాళ్ళని ముట్టుకోవద్దన్నారు. బిందె ఒంపేసి, లోపల గుడ్డతో తుడిచి, ఈసారి అదే అంచు దాకా పాలు పోశారు. కాటాకి తగిలించగానే బిందె తట్ట కిందికి వాలింది. అటువైపు 100 గ్రాముల రాయి వేశారు, లేవలేదు. 200 వేశారు. తట్టలు కాసేపు తటపటాయించి సమంగా నిలిచాయి.

“బిందె అదే, అంచు అదే. పది లీటర్లకి మూడొందల గ్రాములు తేడా. వంద లీటర్లకి ఎంత?” అన్నారు నాన్న.

బాబాయ్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, “మూడు కేజీలు” అన్నాడు. మరుక్షణం, “అయితే మా పాలు నీళ్ళకంటే బరువని నువ్వే ఒప్పుకున్నట్టు. రేటు పెంచమను” అన్నాడు. ఆయన్ని గెలవడం కష్టం.

నాయనమ్మ అడిగిన ప్రశ్న మాత్రం వరండాలో ఎవరికీ తట్టనిది. “పాలు నీళ్ళకంటే బరువైతే, పాలల్లోంచి వచ్చిన వెన్న మజ్జిగలో తేలుతుందేంట్రా?”

దానికి జవాబులోనే పాల పరీక్ష రహస్యమంతా ఉంది. పాలల్లో నీళ్ళు కాక రెండు రకాల సరుకుంటుంది. కొవ్వు నీటికంటే తేలిక. చక్కెర, మాంసకృత్తులు, లవణాలు, ఇవన్నీ బరువు. ఈ రెండోవాళ్ళ బలం ఎక్కువ కాబట్టి మొత్తం మీద పాలు బరువు. పాలల్లోంచి మీగడ తీసేశామనుకోండి, తేలికవాడు వెళ్ళిపోయాడు, మిగిలింది ఇంకా బరువెక్కుతుంది, డిగ్రీ పైకి పోతుంది. అప్పుడు చల్లగా కాసిని నీళ్ళు కలిపితే డిగ్రీ మళ్ళీ మామూలుకొస్తుంది. మీగడ మీకు, నీళ్ళు డెయిరీకి. లాక్టోమీటర్‌కి ఇది అంతుపట్టదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే దానికి అంతా ఒప్పుగానే కనిపిస్తుంది.

అందుకే వెన్న పరీక్ష. ఒక చివర గీతలున్న సన్నటి కాడ గల గాజు సీసాలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. బిరడా బిగించి తిరగేసి మరగేసి కలిపితే సీసా చేతిలో కాలిపోయేంత వేడెక్కుతుంది, పాలు కాఫీ రంగుకి మారతాయి. నాన్న తువ్వాలు చుట్టి పట్టుకునేవారు, మమ్మల్ని ఆ చుట్టుపక్కలకి రానిచ్చేవారు కాదు. తర్వాత చేత్తో తిప్పే గుండ్రటి యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పడం. బరువున్నదంతా అంచుకి పోతుంది, తేలికైన కొవ్వు లోపలివైపున్న సీసా కాడలో చేరుతుంది. పసుప్పచ్చగా, పారదర్శకంగా, తేటనెయ్యిలా. ఆ పోగు ఎంత పొడుగుందో గీతల్లో చదివితే వెన్న శాతం. జెర్బర్ అనే స్విట్జర్లాండ్ ఆయన కనిపెట్టిన పద్ధతి మా రామాలయం పక్కన రోజుకి రెండు పూటలా జరిగేది. గేదె పాలకి ఆరు, ఏడు వచ్చేది. నాలుగొస్తే ఎవరూ నాన్న కళ్ళల్లోకి చూసేవాళ్ళు కాదు.

ఆ బిందె పంచాయితీ రోజు మా సైన్సు మాస్టారు కూడా అరలీటరు పాల కోసం చెంబు పట్టుకుని వచ్చి, ఓ మూల నిలబడి అంతా చూశారు. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు క్లాసులో మాత్రం ఇంట్లో ఉన్న చెక్కబొమ్మలు తెమ్మన్నారు.

రకరకాలు వచ్చాయి. వాటిల్లో రెండు ఆయన బల్ల మీద పెట్టుకున్నారు. ఒకటి తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం బొమ్మ, రెండోది కొండపల్లి బొమ్మ, కడవెత్తుకున్న అమ్మాయి. చూడ్డానికి ఇంచుమించు ఒకే సైజు. వరసగా అందరి చేతుల్లోనూ పెట్టించారు. ఎర్రచందనం చేతిలో పడగానే మణికట్టు కిందికి జారేది. కొండపల్లిది తెల్ల పొణికి చెక్క, పట్టుకున్నట్టే ఉండేది కాదు. బకెట్లో వేస్తే ఎర్రచందనం బొమ్మ మునిగింది. చెక్క నీళ్ళలో మునగడం మాలో చాలామందికి అదే చూడ్డం. కొండపల్లి బొమ్మని కూడా వేద్దామని మేమంతా గోల. దాన్ని తెచ్చిన అమ్మాయి అప్పటికే ఏడుపు మొహం పెట్టింది.

“దీన్ని తడిపితే రంగు పోతుంది, ముక్కల్ని అతికించిన చింతగింజల పిండి మక్కు ఊడుతుంది. నీళ్ళెందుకు? మీ ఇంట్లో ఉన్నాయి కదరా కొలతలు, పట్టుకురా” అని నన్ను పంపించారు.

నాయనమ్మని ఒప్పించి గిద్దె, సోల తెచ్చాను. మాస్టారు వంటగది నుంచి డబ్బా తెప్పించి దాన్నిండా బియ్యం పోసి, పైన గీశారు. ఆ బియ్యం ఒక పళ్ళెంలోకి ఒంపి, డబ్బాలో బొమ్మని నిలబెట్టి, చుట్టూ అదే బియ్యం మళ్ళీ పోశారు. తట్టారు కూడా, రెండుసార్లూ ఒకేలా తట్టాలని చెప్పి మరీ. డబ్బా నిండాక పళ్ళెంలో కాసిని మిగిలాయి. బొమ్మ ఆక్రమించిన చోటు అదన్నమాట. దాన్ని గిద్దెతో కొలిచారు. రెండు బొమ్మలకీ దాదాపు ఒకే కొలత. ఆపైన రెండింటినీ తూచారు. కొండపల్లి బొమ్మ తూకం ఎర్రచందనందాన్లో మూడో వంతుకి అటూ ఇటూగా ఉంది.

అప్పుడు బోర్డు మీద రాశారు. ద్రవ్యరాశి, కింద గీత, గీత కింద ఘనపరిమాణం, పక్కన సాంద్రత. “నిన్న పాల కేంద్రంలో కొట్లాడుకున్నారే, ఒకళ్ళు కొలత పట్టుకుని, ఒకళ్ళు తూకం పట్టుకుని. ఏదో ఒక్కటి పట్టుకుంటే కొట్లాటే. రెండూ తీసుకుని భాగించండి. వచ్చిన అంకె పాల కేంద్రానిదీ కాదు మీదీ కాదు, సరుకుది. గిద్దెడు తీసుకున్నా క్యానెడు తీసుకున్నా మారదు” అన్నారు.

ఆ మారదన్న మాట మాలో కొందరికి ఎక్కలేదు. పెద్ద ముక్కకి పెద్ద సాంద్రత ఉండాలి కదా అని ఒకడు పట్టుబట్టాడు. ఆయన సుద్దముక్కని రెండుగా విరిచి, “బరువు సగమైంది, చోటూ సగమైంది. సగాన్ని సగంతో భాగిస్తే?” అన్నారు. ఇంతకంటే తేలిగ్గా దాన్ని చెప్పినవాళ్ళని నేను తర్వాత చదివిన పెద్ద కాలేజీల్లో కూడా చూడలేదు.

ఇక అంకెల జాతర, ఏది మిల్లీలీటరుకి ఎన్ని గ్రాములని. నీళ్ళు 1, ఇనుము 7.87, రాగి 8.96, వెండి 10.5, సీసం 11.3, పాదరసం 13.6, బంగారం 19.3. మాకు బంగారం కంటే పాదరసం మీద మోజు. 60 మిల్లీలీటర్ల సిరాబుడ్డిలో పోస్తే 800 గ్రాములు దాటుతుందని లెక్కేసి చూపించారు. ఆ రోజు నుంచి ఒక నష్టం మాత్రం జరిగింది. సినిమాలో బంగారు కడ్డీల పెట్టెని ఒంటిచేత్తో ఊపుకుంటూ పోయే విలన్‌ని చూస్తే నమ్మబుద్ధి కాదు. పది లీటర్ల పెట్టె నిండా బంగారమంటే 193 కేజీలు. మోసేవాడు విలన్ కాదు, హమాలీ అయ్యుండాలి, అదీ ఇద్దరు ముగ్గురు.

ఆ ఏడు నారు పోసే రోజుల్లో నాన్న విత్తనాల పని చేస్తుంటే దగ్గర కూర్చున్నాను. అంతకుముందూ చూసేవాణ్ణే, కాని అదేదో ఆచారం అనుకునేవాణ్ణి. గంగాళంలో నీళ్ళు పోసి, అందులో తాజా కోడిగుడ్డు వదిలారు. అడుగుకి పోయి పడుకుంది. రాళ్ళుప్పు గుప్పెళ్ళతో వేస్తూ కర్రతో కలుపుతున్నారు. ఉప్పు కరిగేకొద్దీ గుడ్డు మొదట ఒక కొన మీద నిలబడింది. తర్వాత అడుగు వదిలింది. ఇంకా ఉప్పు. చివరికి పైకొచ్చి, అర్ధరూపాయి బిళ్ళంత నెత్తి బయటపెట్టింది. “చాలు” అన్నారు నాన్న. గుడ్డు తీసేసి వడ్లు పోశారు. గట్టి గింజలు గలగలా కిందికి పోయాయి. తాలు, సగం పాలుపోసుకున్న గింజలు పైన తెట్టులా తేలాయి. వాటిని చేత్తో తీసి గేదె ముందు పోశారు. మంచి నీళ్ళల్లో వేస్తే ఉత్త తాలు మాత్రమే తేలుతుంది. ఉప్పునీళ్ళు బరువు కాబట్టి అరకొర గింజ కూడా తప్పించుకోలేదు. అడుగున దిగిన విత్తనాన్ని రెండు మూడు నీళ్ళతో కడిగి, నానబెట్టి, మొలకెత్తడానికి మండె కట్టారు.

తాజా గుడ్డు అనడంలో కిటుకుంది. నిలవ గుడ్డులో లోపలి తేమ పెంకులోంచి కొద్దికొద్దిగా పోయి, ఆ చోట గాలి చేరుతుంది. సైజు అదే, బరువు తక్కువ. అలాంటి గుడ్డు సగం ఉప్పుకే తేలిపోయి తప్పుడు సాక్ష్యం చెప్తుంది. నాయనమ్మ ఆ పనికి గూట్లోంచి అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చి ఇచ్చేది. పని అయ్యాక దాన్ని కడిగి నాకు అట్టు వేసేది.

నాయనమ్మ పోయాక ఆ కొలపాత్రలు అన్నదమ్ములు తలొకటీ తీసుకున్నారు. సోల మా అమ్మ దగ్గరుంది. బియ్యం డబ్బాలో ఉంటుంది, రోజూ దాంతోనే కొలిచి కడుగుతుంది.

ఇప్పుడు నాన్నకి కాలక్షేపం నూనె ప్యాకెట్లు. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది కదా, ఆ చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదువుతారు. ఆ మధ్య కొన్ని కంపెనీలు ‘లీటరు, ఇంత ఉష్ణోగ్రత దగ్గర’ అని రాసి, ఆ ఉష్ణోగ్రతని 60 డిగ్రీల దాకా చూపించేవి. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, తక్కువ బరువుకే లీటరు నిండుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ అంకెలే చూపించి, ఉష్ణోగ్రత మాట తీసేసి నికర బరువు సరిగ్గా రాయమని, 2023 జనవరి 15 దాకా గడువిచ్చి ఆదేశించింది. పేపర్లో ఆ వార్త చూసి నాన్న నాకు ఫోన్ చేశారు. పండగకి వస్తున్నావా అని అడగడానికి చేశారనుకున్నాను. “మన బిందె పంచాయితీ ఢిల్లీ దాకా పోయిందిరా” అన్నారు.

మొన్న ఎండాకాలం ఆయన్ని కారులో గుంటూరు తీసుకెళ్తూ దారిలో పెట్రోలు కోసం ఆపాను. పంపు మీద డెన్సిటీ, అదే సాంద్రత, లీటరుకి గ్రాముల్లో 744 అని చూపిస్తోంది. నాన్న అద్దం దించి, “బాబూ, మీటరుందా?” అన్నారు. అడిగితే చూపించాలన్నది నిబంధన. కుర్రాడు మంచివాడు, లోపలికి వెళ్ళి గాజు జాడీ, హైడ్రోమీటర్, థర్మామీటర్ తెచ్చాడు. జాడీలో పెట్రోలు పట్టి మీటరు వదిలాడు. నాన్న కారు దిగి, నడుం వంచి, కంటిని పెట్రోలు మట్టానికి సమంగా తెచ్చి చూశారు. పాల కేంద్రంలో చూసిన చూపే. మీటరు 725 దగ్గర నిలబడింది.

“సార్, కల్తీ అంటారా?” కుర్రాడి మొహంలో రంగు మారింది.

“కల్తీ ఏం లేదయ్యా, ఎండ ఉంది. థర్మామీటర్ ఎంత చూపిస్తోంది?”

“ముప్పై ఆరు.”

“మీ బోర్డు మీద రాసేది 15 డిగ్రీల లెక్క. చార్టు ఉంటుంది, పట్టుకురా, కలిపి చూద్దాం. తేడా మూడు లోపుంటే నువ్వూ మంచివాడివే, నీ పెట్రోలూ మంచిదే.”

వెనక అప్పటికే ఆటోలు, బైకులు వరస కట్టాయి. ఒకాయన హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. కుర్రాడు నూనె మరకల చార్టు తెచ్చి కారు బానెట్ మీద పరిచాడు. నాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి, 36 వరస మీద ఒక వేలు, 725 మీద ఇంకో వేలు పెట్టి, రెండూ కలిసే గడి వెతకడం మొదలుపెట్టారు.